నాలుగు రోజుల నెత్తురు

పంతొమ్మిది వందల ముప్పైల చివర్లో నేను పెనుకొండ ఆసుపత్రిలో సబ్ అసిస్టెంట్ సర్జన్‌ని. హోదాలోనే రెండు తగ్గింపులున్నా, నా మాటకు మాత్రం నేనెప్పుడూ తగ్గింపు ఇచ్చుకోలేదు.

ఒక మధ్యాహ్నం ధర్మవరం హెడ్ కానిస్టేబులు ఒక చొక్కా తెచ్చాడు. పట్టుకు రంగు వేసే ఒకాయనది. నాలుగు రోజుల కిందట పొరుగువాణ్ణి వెనకనుంచి రాయితో కొట్టాడని ఆయన మీద కేసు. కొట్టింది ఎవరో దెబ్బ తిన్నవాడు చూడలేదు. చొక్కా మీదిది ఆనాటిది కాదు, చొక్కా దొరికిన రోజు పొద్దున తెగిన తన వేలి నెత్తురంటాడు ముద్దాయి.

“కొత్తదా, పాతదా, అదొక్కటి రాసియ్యండి సార్,” అన్నాడు హెడ్డు.

ఆ పాఠం నాకు కంఠతా వచ్చు. కొత్త నెత్తురు ఎర్రగా ఉండి చన్నీళ్లలో ఇట్టే కరుగుతుంది. పాతబడేకొద్దీ గోధుమరంగుకు తిరిగి నీళ్లకు లొంగదు. ఈ మరక కాఫీ గింజ రంగులో ఉంది. ముక్క కత్తిరించి నీళ్లలో వేస్తే గంటకూ రంగు దిగలేదు. “సుమారు నాలుగు రోజులు” అని రాసి, “సుమారు” కొట్టేశాను.

మర్నాడు ముద్దాయి భార్య వచ్చింది.

“నాలుగు దినాలని రాసింది నువ్వేనా సామీ?”

“నేనేనమ్మా. శాస్త్రం అదే చెబుతుంది.”

“నీ శాస్త్రం ఎప్పుడన్నా రంగుబాన కాడ నిలబడిండాదా? మరక పోతాదని మా ఆయప్ప కాగుతాండే చింతపండు నీళ్లలో ముంచినాడు చొక్కాని. పట్టుకు రంగు నిలిచేదానికి మేం కాంచుకునే నీళ్లవి. రంగును నిలిపే నీళ్లు నెత్తురును ఇడుస్తాయా?”

ఆమె వెళ్లగానే చింతపండు నీళ్లు కాయించాను. సూదికి జంకేవాళ్లను కసిరే నేను, నా వేలు పొడుచుకోవడానికి మూడుసార్లు గురి చూశాను. రెండు గుడ్డపీలికల మీద నెత్తురు ఆరబెట్టి, ఒకదాన్ని కాగే చింతపండు నీళ్లలో ముంచాను. కళ్లముందే గోధుమరంగుకు తిరిగింది. తర్వాత రెండింటినీ చన్నీళ్లలో వేశాను. ముంచనిది గ్లాసంతా ఎర్రబరిచింది. పులుపు తాగింది గంటయినా చలించలేదు. నా నెత్తురుకే నేను నాలుగు రోజులు రాసేవాణ్ణి.

పీలికలు రెండూ కోర్టుకు పట్టుకెళ్లాను.

“మీరు రాసింది తప్పంటారా?” అన్నారు మేజిస్ట్రేటుగారు.

“తప్పేనండి. ఈ మరక వయసు నేను చెప్పలేను. చెప్పగలనన్నవాణ్ణి నమ్మకండి.”

అంత గట్టిగా నేను ఏ సాక్ష్యమూ చెప్పలేదు. ఆ చొక్కా తప్ప వేరే ఆధారం లేక ఆయన్ని వదిలేశారు.

“నెత్తురంటితే చన్నీళ్లని ఎన్ని తూర్లు చెప్పినా నీకు?” అని ఆమె రైలు స్టేషను దాకా ఆయన్ని తిడుతూనే పోయింది. నేను వింటూ వెనకాలే నడిచాను.