కత్తిపీటకు నాలుగు తూట్లు

అద్దె ఇళ్లలో పన్నెండేళ్లు బతికిన మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఏ వస్తువును చూసినా ఇది ఇంకేం కాగలదు అనిపిస్తుంది. నాకు ఆ జబ్బు బాగా ముదిరింది. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా రెండు గదుల ఫ్లాట్‌లో ఏ పనికి కొన్నది ఆ పని చేసే సామాను దాదాపు లేదు. చెప్పుల స్టాండు వంటింటి గోడెక్కి పోపుల డబ్బాల అర అయింది. పుస్తకాల అర బాల్కనీలో పడుకుని, పైన ఒక పరుపు ముక్క వేయించుకుని, కాఫీ తాగే బల్ల అయింది. అన్నీ అట్టపెట్టెలో విడి పలకలుగా వచ్చే చవక సామానే. పలకలతో పాటు ఒక పొట్లంలో మరలు, చిటికెన వేలిలో సగమంత గుండ్రటి చెక్క చీలలు, వాటిని బిగించే ఒక వంకర ఆలెన్ కీ, అక్షరం ముక్క లేని బొమ్మల కాగితం ఉంటాయి. ఆ కాగితంలో చూపినట్టే బిగిస్తే నాకు ఆ రాత్రి నిద్ర పట్టదు.

మూడేళ్ల కిందట మా అత్తయ్యగారు, మామయ్యగారు మాతో ఉండటానికి వచ్చారు. వాళ్ల అద్దె ఇంటి ఓనరు ఇల్లు పడగొట్టి అంతస్తులు కట్టుకుంటానన్నాడు. వాళ్లది నాలుగు తరాలుగా బెంగళూరులో ఉన్న తెలుగు కుటుంబం. నేను తెనాలి వైపు మనిషిని. పెళ్లయిన కొత్తలో ఆ ఇంటి తెలుగు సగం అర్థమయ్యేది, సగం మా ఆయన మొహం చూసి పోల్చుకునేదాన్ని.

మామయ్యగారు పీణ్య పారిశ్రామికవాడలో ఒక మెషిన్ షాపులో ముప్పై ఏళ్లకు పైగా ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ చొక్కా జేబులో పెన్నుకు బదులు స్టీలు స్కేలు ఉంటుంది. వచ్చిన మొదటి రోజే నా సామాన్లన్నిటినీ వేలి కణుపుతో కొట్టి చూశారు.

"ఇది చెక్క కాదమ్మా," అన్నారు. "రంపంపొట్టు ఉప్మా. ఆరినాక ముక్కలు కోసినారు."

"మీ ఇనప బీరువా కంటే తేలిక కదా మామయ్యా."

"తేలికే. గాలొస్తే అదే పక్కింటికి పోతాది."

అత్తయ్యగారు మాత్రం నా సామాను జోలికి రాలేదు. ఆమెకు వంటింట్లో నేల కావాలి, అంతే. పొద్దున్నే చాప వేసుకుని, కత్తిపీట ముందు కూర్చునేవారు. మేం కత్తిపీట అనేదాన్ని వాళ్లు ఈళిగెమణ అంటారు. పనస చెక్క పీట, దాని మీద నిలబడిన వంకర కత్తి, పదును తనవైపు. ఒక కాలు మడిచి, రెండో పాదం పీట మీద ఆనించి, రెండు చేతులతో బీన్స్ గుప్పెడు పట్టుకుని కత్తికి ఆనిస్తే, అవన్నీ ఒక్క కొలతలో రాలేవి. నేను అవతల వంటగట్టు ప్లాట్‌ఫారం దగ్గర నిలబడి, ఆమెకు వీపు పెట్టి, చాకుతో టమాటాలు తరుగుతూ చెవిలో ఆఫీసు మీటింగు వినేదాన్ని. ఆ పీట వాళ్లమ్మది. దానికోసం అక్కచెల్లెళ్లిద్దరూ ఆశపడితే పెద్దకూతురని ఈమెకు ఇచ్చిందట. చెల్లెలు ఇప్పటికీ వచ్చినప్పుడల్లా, "బాగుండాదా అది?" అని మనిషిని పలకరించినట్టు అడుగుతుంది.

పోయినేడు వానాకాలంలో అత్తయ్యగారి మోకాళ్లు మొరాయించాయి. నేల మీద కూర్చోవడం ఇక మానేయాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. వారం రోజులు ఆమె ప్లాట్‌ఫారం దగ్గర నిలబడి చాకుతో ప్రయత్నించారు. బీన్స్ ముక్కలు ఒకటి వేలంత, ఒకటి గోరంత వచ్చాయి. ఎనిమిదో రోజు చాకు కడిగి పక్కన పెట్టి, "నా పని అయిపాయె," అని హాల్లోకి వెళ్లిపోయారు. ఆ తర్వాత వంటింట్లోకి రాలేదు. ఫోనులో ఆర్డరిస్తే తరిగిన కూరలు ప్లాస్టిక్ డబ్బాలో పది నిమిషాల్లో వచ్చేవి. ఆమె టీవీ ముందు కూర్చుని, సీరియల్ మారినా చానల్ మారినా ఒకే చూపు చూసేవారు. అన్నం కూడా తగ్గింది. నాకు భయమేసింది. మోకాళ్ల గురించి కాదు. ఆ "అయిపాయె" అన్న మాట ఆమె నిజంగానే అన్నారని.

నేల దగ్గరికి ఆమె వెళ్లలేకపోతే నేలనే పైకి తేవచ్చు కదా అనుకున్నాను. అంతవరకు ఆలోచన మంచిదే.

చదువుకునే పిల్లలకు అమ్మే చవక బల్ల ఒకటి తెప్పించాను. వంటింటి మూలలో పట్టేలా దాని పైపలకను రంపంతో సగానికి కోశాను. మిగతా సగాన్ని తలుపు వెనక దాచాను, ఎందుకైనా పనికొస్తుందని. ఇక పీట ఆ బల్ల మీద జారకూడదు. జారితే కత్తి కదా. ఆ రోజు మామయ్యగారు ఆమెను ఫిజియోథెరపీకి తీసుకెళ్లారు. నాకు డ్రిల్లు దొరికితే కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. ఎనిమిది మిల్లీమీటర్ల బిట్టు పెట్టి, పనస పీటకు నాలుగు మూలలా నాలుగు తూట్లు పొడిచి, బోల్టులతో బల్లకు బిగించేశాను. పాత చెక్క ఎంత గట్టిగా ఉందంటే బిట్టు వేడెక్కి పొగ వచ్చింది. ఆ పొగ చూసైనా ఆగాల్సింది.

వాళ్లు తిరిగొచ్చాక అత్తయ్యగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. కత్తి కొన సరిగ్గా ఆమె గడ్డం ఎదురుగా వచ్చింది. బల్ల ఎత్తు కొలిచాను, తలుపు సందు కొలిచాను, కూర్చునే మనిషిని కొలవలేదు. ఆమె చూపుడు వేలు బోల్టు తల మీద పెట్టి కాసేపు ఉంచారు.

"తూట్లు పెట్టినావా?"

"జారకుండా ఉంటుందని అత్తయ్యా."

"మా యమ్మ ఇది నాకిచ్చినప్పుడు మా చెల్లెలు మూడు దినాలు నాతో మాట్లాడలేదు," అన్నారు. గోడ పట్టుకుని లేచి హాల్లోకి వెళ్లారు.

నిజం చెప్పాలంటే నాకు సిగ్గు కంటే ముందు కోపం వచ్చింది. ఇంత చాకిరీ చేస్తే ఒక మంచి మాట లేదే అని గిన్నెలు కాస్త గట్టిగానే కడిగాను. సిగ్గు ఆ తర్వాత, బోల్టులు విప్పి పీటను చేతిలోకి తీసుకున్నప్పుడు వచ్చింది. పైభాగం ఆమె పాదం ఆనే చోట నున్నగా పల్లం పడి ఉంది. ఆ పల్లం మొత్తం ఆమెది కాదు. వాళ్లమ్మ పాదం కూడా అక్కడే ఆని ఉండాలి. నేను చూడనైనా చూడకుండా దానికి మూడంగుళాల దూరంలో డ్రిల్లు పెట్టాను. మర్నాడు క్షమించమని అడిగితే, "పోనీలే తల్లీ," అన్నారు. తిట్టినా బాగుండేది.

ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో పనిముట్లన్నీ కడిగి వరసగా పెడతారు. మామయ్యగారి స్పానర్లు, మా ఆయన ల్యాప్‌టాప్, నా ల్యాప్‌టాప్, కత్తెర, కొబ్బరి కోరు, ఈళిగెమణ. నా డ్రిల్లును కూడా చివర్లో పెట్టాను. అత్తయ్యగారు కుర్చీలోంచే ఒంగి ఒక్కొక్కదానికి పసుపు, కుంకుమ పెట్టుకుంటూ వచ్చారు. తూట్ల పీటకు కాస్త ఎక్కువే పెట్టారు. డ్రిల్లు దగ్గరికి వచ్చేసరికి కుంకుమ భరిణె మూత పెట్టేశారు.

"అదొకటి మిగిలింది," అన్నారు మామయ్యగారు.

"మరిచిపోయినా," అన్నారు ఆమె.

ఆమె జన్మలో ఏదీ మరిచిపోయే మనిషి కాదు. నా మొహం చూసి మామయ్యగారు స్కేలుతో వీపు గోక్కుంటూ బాల్కనీలోకి వెళ్లిపోయారు.

మరుసటి వారం ఆయన నన్ను పిలిచారు. వంటింట్లో నా బల్లను తిరగేసి పెట్టుకుని కూర్చున్నారు.

"ఆమె కింద కూర్చున్నప్పుడు ఆమె యాడుండాది, ఈళిగెమణ యాడుండాది?"

"రెండూ నేల మీదే."

"అంటే రెండూ ఒక్క ఎత్తులో ఉండాయి. నువ్వేం చేస్తివి? మనిషిని ఒక ఎత్తులో పెడితివి, కత్తిని ఇంకో ఎత్తులో పెడితివి. అది కూరగాయలు కోసేదానికా, గొంతు కోసేదానికా?"

ఆయన అత్తయ్యగారి కుర్చీ ఎత్తు స్కేలుతో కొలిచి, బల్ల కాళ్లుగా ఉన్న రెండు పక్క పలకల మీద పెన్సిల్ గీత గీశారు. కోసేది నేనే. ఆయనకు రంపంపొట్టు ఉప్మాను తాకడం ఇప్పటికీ నామోషీ. అయినా దాని గుణం నాకంటే ఆయనకే బాగా తెలుసు. ఒకసారి మర విప్పితే ఆ తూటు పొడి పొడి అయిపోతుందని, మళ్లీ అదే మర పట్టదని చెప్పి, కొత్త చోట్ల అటునుంచి ఇటు దూరేలా బోల్టు వేయించి రెండు వైపులా వాషర్లు పెట్టించారు. కింద అడ్డంగా ఒక ఇనప పట్టీ వేశారు. దాన్ని పీణ్యలో పాత స్నేహితుడి దగ్గర వంచి తెచ్చారట, రెండు బస్సులు మారి వెళ్లి.

"ఇదెందుకు మామయ్యా?"

"కాలికి. పాదం దేనిమీదన్నా ఆనకుంటే ఆమెకి చెయ్యి ఆడదు. నలభై ఏండ్లు చూస్తి కదా."

నలభై ఏళ్లు ఆయన పీణ్య షిఫ్టుల మధ్య, రిటైరయ్యాక కూడా, కాఫీ తాగుతూ ఆ పాదాన్ని గమనించారన్నమాట. ఆ మాటకు నాకు ఆయన మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది.

ఇక పీటను ఎలా నిలబెట్టాలన్నదే మిగిలింది. మళ్లీ బోల్టు అనే మాట నా నోట రాలేదు. ఆయన నా పొట్లాల డబ్బా తెరిచి, మిగిలిపోయిన చెక్క చీలలు నాలుగు ఏరారు. ఒకదాన్ని పీట తూట్లో పెట్టి చూశారు. అచ్చంగా సరిపోయింది. అట్టపెట్టె సామాన్లో వచ్చే చీల మందమూ ఎనిమిది మిల్లీమీటర్లే. నాలుగు చీలల్ని బల్లలో జిగురు పెట్టి పాతి, తలలు పైకి వదిలారు. పీటను వాటి మీద దించితే దిగి కూర్చుంది. పక్కలకు జరగదు. ఎత్తితే మాత్రం మామూలుగా చేతికి వచ్చేస్తుంది.

"ఇప్పుడది బందీ కాదు," అన్నారు చేతులు దులుపుకుంటూ.

కోయగా మిగిలిన పలకల్ని పారేద్దామంటే ఆపారు. కాళ్ల దగ్గర తెగిన రెండు తుంటలు, తలుపు వెనక దాచిన సగం పలక కలిపి, మధ్యాహ్నానికి పొట్టి స్టూలు ఒకటి నాచేతే కొట్టించారు. ఎవరికని అడిగితే, "కూర్చునే తీరిక ఉండే వాళ్లకి," అన్నారు.

అత్తయ్యగారు రెండు రోజులు ఆ మూల వంక చూడలేదు. మూడో రోజు పొద్దున నేను మీటింగులో ఉండగా వంటింట్లోంచి చప్పుడు వినిపించింది. బీన్స్ తెగే ఆ చిన్న కరకర చప్పుడు నాకు ఎంత అలవాటో, అది లేని రెండున్నర నెలలూ ఇల్లు ఎంత బోసిగా ఉందో అప్పుడే తెలిసింది. మీటింగులో నా పేరు రెండుసార్లు పిలిచారట. ల్యాప్‌టాప్ మూసి వెళ్లి, స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఆమె కుడి పాదం ఇనప పట్టీ మీద ఉంది. చిక్కుడుకాయల గిన్నె నా ఒళ్లోకి తోశారు, ఈనెలు తీయమని. ఇన్నేళ్లలో ఆ వంటింట్లో మేం ఎదురెదురుగా కూర్చోవడం అదే మొదటిసారి.

డిసెంబరులో ఒక ఆదివారం ఆమె చెల్లెలు అనపకాయల సంచితో దిగింది. ఇక్కడ చలికాలమంటే అనపకాయలే. గింజలు ఒలిచి, నానబెట్టి, ఒక్కొక్కటే పితికితే పైతొక్క ఊడి లోపలి పప్పు జారి వస్తుంది. పితికిపప్పు కూర చేయాలంటే ఇంట్లో ఎన్ని చేతులుంటే అన్నీ కావాలి. మేం ముందు రోజే కొని, ఒలిచి నానబోసిన గింజలు నా ముందు ఉన్నాయి. నేను స్టూలు మీద పితుకుతున్నాను. అత్తయ్యగారు మసాలాకు ఉల్లిపాయలు తరుగుతున్నారు. ఆవిడ వంటింట్లోకి వచ్చేలోపు పీట మూలలు కనపడకుండా ఒక గుడ్డ కప్పాలని నేను అనుకున్నాను, కానీ చేతులు తడి, గుడ్డ దూరం.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. బల్ల చూసి బాగుందంది. చూపు పీట మీద ఆగింది. ఒంగి మూలన ఉన్న చీల తలను వేలితో తడిమింది.

"అక్కా, అమ్మ ఈళిగెమణకి తూట్లు ఎవురు పెట్టింది?"

నేనే పెట్టానని చెప్పడానికి నోరు తెరిచాను.

"నేనే పెట్టించినా," అన్నారు అత్తయ్యగారు, తల ఎత్తకుండా, ఉల్లిపాయ ఆపకుండా. "తూట్లు లేకుంటే ఇంత ఎత్తులో యాడ నిలబడ్తాది? నువ్వు కోస్తావా నాకు దినామూ వచ్చి?"

చెల్లెలు కుర్చీ నా గిన్నె వైపు జరుపుకుంది. కాసేపటికి తనూ గుప్పెడు గింజలు తీసుకుని పితకసాగింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగితే ఉల్లిపాయలకని అనుకుంటారులే అని తుడుచుకోలేదు. నా వేళ్ల మధ్య నుంచి ఒక పప్పు జారి ఎగిరి ఫ్రిజ్ కిందికి పోయింది. అత్తయ్యగారు కాలితో నా స్టూలును తట్టి, "చూసి పితుకు," అన్నారు.