నేను జార్చిన కుట్లు

నా కోసం అల్లుతున్న స్వెటర్‌ను మా ఆవిడ తప్పులు పోయి వందసార్లు విప్పిందని కోదాడంతా చెప్పుకున్నాను. నిజానికి నాలుగుసార్లే. ఆ తప్పులూ ఆమెవి కావు. పొయ్యి మీద పాలు చూడ్డానికి ఆమె లేచినప్పుడల్లా, ఆటపట్టించాలని నేనే సూది మీది కుట్లు రెండు జార్చేవాణ్ణి.

"ఇగ నా కండ్లు పోయినట్టేనయ్యా" అని ఒకరోజు ఏడ్చింది. నిజం చెప్పడానికి సిగ్గేసి, సూర్యాపేట దవాఖానకు తీసుకెళ్లి అద్దాలు ఇప్పించాను. ఆమె మళ్లీ సూదులు ముట్టలేదు. నిరుడు చనిపోయింది.

మొన్న మిర్యాలగూడ నుంచి మా అమ్మాయి వచ్చి, ఆ సగం స్వెటర్‌ను సరిచేయబోయింది. "పాపం, అమ్మకు ఆఖరికి కండ్లు కనపడలె" అంది.

"మంచిగనే కనపడ్డయి బిడ్డా. గవి నేను జార్చిన కుట్లు."

"అమ్మకు చెప్పినవా నాయినా?"

చెప్పలేదు. పత్రికలో ఈ పాఠకుల పేజీని ఎప్పుడూ ఆమే నాకు చదివి వినిపించేది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.