తలుపుకు ఎడమవైపు స్విచ్

వంతెన పని మొదలైన చోటికి క్రేనమ్మ వస్తుంది. వంతెన పూర్తయ్యాక సామాను కట్టుకుని వెళ్ళిపోతుంది. క్రేన్ నడుపుతుంది గనుక పనివాళ్ళు పెట్టిన పేరది. భర్త అక్కడే క్యాంటీన్లో వంట చేస్తాడు.

ఆ కుటుంబానికి ఒక కొలమానం ఉంది. కొత్త చోట చీకటి పడితే అందరి చేతులూ పాత ఇంటి స్విచ్ కోసమే గోడను తడుముతాయి. చూడకుండానే చెయ్యి సరైన చోటికి వెళ్ళిననాడు అది 'ఇల్లు'. అంతవరకూ 'మకాం'. ఇందులో క్రేనమ్మ ఎవరికీ మినహాయింపు ఇవ్వదు, తనకు కూడా.

ఈసారి వచ్చి నెలైనా కూతురు పెట్టెలోంచి బట్టలు తీసి సర్దుకోలేదు. ఎవరడిగినా ఇది మకామేనంది. ప్రతిసారీ కొత్త బడి తనవల్ల కాదనీ, పిన్ని ఇంట్లో ఉండి చదువుకుంటాననీ తేల్చి చెప్పింది. తండ్రి కూర మాడబెట్టుకున్న మొహం పెట్టాడు. క్రేనమ్మ మాత్రం పిల్ల మాటలో న్యాయం ఉందని ఒప్పుకుంది.

"సెలవులు అయ్యేదాకా అక్కడ ఉండి చూడు. నచ్చితే అక్కడే చేరుదువుగాని."

"ఏడవవుగా?"

"అంత ఎత్తున ఏడిస్తే కింద వాళ్ళు వాన అనుకుంటారే. ఏడవను."

పిల్ల వెళ్ళింది. తండ్రి రోజూ మూడు కంచాలు పెట్టి, నాలుక కరుచుకుని ఒకటి తీసేసేవాడు.

సెలవులింకా ఉండగానే, ఒక సాయంత్రం కూతురు పెట్టెతో సహా దిగింది. వెనకాలే పిన్ని.

"అక్కా, నీ కూతురు నా గోడ అరగదీసింది," అని నవ్వింది పిన్ని. తమ ఇంట్లో స్విచ్ కుడివైపు ఉంటే, పిల్ల పొద్దుగూకితే చాలు, ఎడమవైపు తడిమేదట. పాత ఇంటి అలవాటు పోలేదనుకుందట పిన్ని. కాదని పట్టుకున్నది పిల్లే. పాత ఇంట్లోనూ స్విచ్ కుడివైపే.

"ఎడమవైపు ఉన్నది ఇక్కడేనమ్మా. నేను మొండికేసినా నా చెయ్యి వినలేదు."

క్రేనమ్మ తొందరపడలేదు. "చెయ్యి సంగతి సరే. నువ్వేమంటావు?"

కూతురు పెట్టె తెరిచి బట్టలు అలమరలో పెట్టడం మొదలుపెట్టింది. "ఇక్కడే చేరతా. వచ్చే వంతెనప్పుడు మళ్ళీ పోట్లాడతా, ముందే చెబుతున్నా."

"పోట్లాడు," అంది తల్లి.

గదిలో వెలుతురు తగ్గింది. క్రేనమ్మ లైటు వేద్దామని లేచి, ధీమాగా కుడివైపు గోడ మీద చెయ్యి వేసింది. అక్కడ ఉత్త సున్నమే. పిన్ని పకపకా నవ్వింది. వంటింట్లో మూడు కంచాలు తీసిన తండ్రి నాలుగోదీ అందుకున్నాడు.

కూతురు అటు చూడకుండానే ఎడమ చెయ్యి చాచి లైటు వేసింది.

"నీకింకా మకామేనమ్మా. రా, మా ఇంట్లో ఉందువుగాని."