డుమస్ బురద నుంచి పాండేసర మోరీ దాకా

డుమస్ తీరంలో బురద మీద పచ్చటి నాచు విపరీతంగా పెరుగుతోందని విని సూరత్ బయల్దేరాను. తొంభైల నాటి మాట. నీళ్లలో నత్రజని ఎక్కువైతేనే నాచు అంతలా బలుస్తుంది. అది ఎక్కణ్ణుంచి వస్తోందో అడుగున పేరుకున్న మట్టిని బట్టి తేల్చడమే అప్పట్లో నా పరిశోధన. స్టేషన్ బయట తెలుగు మాట వినబడగానే ప్రాణం లేచొచ్చి రాజమల్లు అనే అతని ఆటో ఎక్కేశాను. సిరిసిల్ల మనిషి, మగ్గం మానేసి ఆటో పట్టాడు. రోజంతటికీ రెండొందలన్నాడు, ఒప్పుకున్నాను.

ముప్పావు గంటలో, సరిగ్గా సముద్రం వెనక్కి తగ్గే ఆటు వేళకు డుమస్ చేరాం. మోకాలి లోతు బురదలో దిగి గొట్టం గుచ్చి మట్టి తీస్తుంటే రాజమల్లు గట్టు మీద ఒకటే నవ్వు. “గింత దూరమొచ్చి బురద కొంటవోతరా మేడం?” అన్నాడు. అక్కణ్ణుంచి ఖాడీ వెంబడి, అంటే సముద్రంలో కలిసే పాయ వెంబడి, ఆగుతూ ఆగుతూ ఎగువకు వచ్చాం. అద్దకం మిల్లులుండే పాండేసర దగ్గరయ్యే కొద్దీ నీళ్లు ఒకచోట ఎరుపు, ఒకచోట నీలం. మట్టి మాత్రం అంతటా నలుపే, ఒకటే కంపు.

మధ్యాహ్నం తెలంగాణ కార్మికుల బస్తీలో లక్ష్మక్క మెస్‌లో జొన్నరొట్టె, పప్పు తిన్నాం. వెనక మోరీ గట్టున ఆడవాళ్లు సంచులు ఉతుకుతున్నారు. చూస్తే ఖాళీ యూరియా సంచులు! బట్టకు రంగు బాగా పట్టాలని అద్దకం మిల్లుల్లో యూరియా కలుపుతారు. ఆ ఖాళీ సంచులు తెచ్చుకుని, వానలకు ముందు ఉతికి కుట్టి గుమ్మాలకు పరదాలు కట్టుకోవడం ఆ బస్తీ అలవాటు. నేను వెతికే నత్రజని కళ్లముందే మోరీలో కలుస్తోంది.

నేను వచ్చిన పనేమిటో రాజమల్లు అప్పటికే చెప్పి ఉన్నాడు, లక్ష్మక్క నా ముఖం చూసి అర్థం చేసుకుంది. “మా మోరీతోనే ఖాడీ ఖరాబైందని మున్సిపాలిటోళ్లు ఇండ్లు తీసేస్తమంటున్రు బిడ్డా. సంచుల ముచ్చట రాయకు జర.”

“చూసింది రాయక తప్పదక్కా. కానీ మీ ఇళ్లకు ఎగువన కూడా మట్టి తీస్తాను,” అన్నాను.

ఆమె ఇంకో రొట్టె వేసింది.

సాయంత్రం మిల్లుల కాలువ దాకా వెళ్లి తీశాను. పరీక్షలో తేలింది, నత్రజని చాలావరకు ఇళ్లకు ఎగువనే ఉంది. బస్తీ కలిపింది కొంచెం. నివేదికలో రెండూ రాశాను, మిల్లుల మాట ముందు.

తర్వాతి వానాకాలం మళ్లీ వెళ్లాను. ఇళ్లు అక్కడే ఉన్నాయి, ప్రాణం కుదుటపడింది. మెస్‌లోకి మాత్రం జల్లు కొడుతోంది, గుమ్మానికి పరదా లేదు. “సంచులు కడుగుడు బంద్ వెట్టినం బిడ్డా. నువ్వు రాస్తివి గద,” అంది లక్ష్మక్క, కోపం లేకుండానే. మిల్లుల కాలువ ఎప్పటిలాగే ఎర్రగా పారుతోంది. నాకు ఏడుపొచ్చింది. నా రాతకు విలువిచ్చి మానుకున్నది ఆ బస్తీ ఒక్కటే.

ఈ పని మీద వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఆటు వేళకు సముద్రం దగ్గర మొదలుపెట్టి పైకి రండి. ఇళ్ల దగ్గర ఆగిపోకండి, వాటికి ఎగువన మట్టి తీసేదాకా తిరుగు బండి ఎక్కకండి.