బోనంలో అన్నం

ఆషాఢం వస్తూనే మా ఇంట్లో కుండ మీద లొల్లి మొదలైంది. ఇన్నేళ్లూ అమ్మవారికి బోనం ఎత్తిన మా అత్తమ్మకు ఈసారి మోకాళ్లు మొరాయించాయి. ఇక నీదే భారమని నాకు అప్పగించి, వెంటనే ఒక షరతు పెట్టింది. కంచన్‌బాగ్ ఆఫీసులో పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుని నేను మెడనొప్పి తెచ్చుకున్నాను. బరువులెత్తొద్దని డాక్టర్ చెప్పాడు. అందుకని చిన్న కుండ చాలట, అందులో పేరుకు పిడికెడన్నం, పైన వేపమండలు, దీపం. మా శాలిబండలో ఇప్పుడు చాలామంది అట్లే చేస్తున్నారట.

"లోపల ఎవలు చూస్తరు బిడ్డా?" అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. బడిలో ప్రకృతి వికృతులు బట్టీ పట్టిన నాటి నుంచీ నాకీ మాట మీద మమకారం. భోజనం ప్రకృతి, బోనం వికృతి. ఆ సంస్కృతం మాటకు మూలంలో తినడమనీ, అనుభవించడమనీ అర్థం. పెళ్లిపత్రికలో భోజనం విందైంది, హోటల్ బోర్డు మీద మీల్స్ అయింది, మా ఆఫీసులో లంచ్ అయింది. మన ఆడవాళ్లు దాన్ని బోనం చేసి నెత్తికెత్తుకున్నారు. పసుపూ కుంకుమా ఫొటోలూ తర్వాత సంగతి. ముందు అది తిండి, అమ్మవారికి పెట్టి ఇంటికి తెచ్చుకుని మనం తినాల్సిన తిండి.

"బోనమంటే భోజనమే గద అత్తమ్మా. పిడికెడన్నం మోసి బోనమెత్తిన అనుడు నాతోని కాదు," అన్నాను.

మెడ పట్టేస్తే తనను అడగొద్దని అత్తమ్మ మూతి ముడుచుకుంది.

ఆదివారం పాలూ బెల్లమూ పోసి వండిన అన్నం కొత్త కుండలో గొంతుదాకా నింపాను. నెత్తిన బట్టచుట్ట పెట్టుకుంటే మా ఆయన కుండ ఎత్తాడు. గల్లీ దాటేదాకా బాగానే ఉంది. గుడి ముందు లైను మాత్రం కదలనే లేదు. తుంపర మొదలైంది. మెడ నుంచి భుజం దాకా గుంజడం మొదలైంది, కుడి చెయ్యి తిమ్మిరెక్కింది. ఏడుపొచ్చింది, నిజమే. మా ఆయన వెనకే నడుస్తూ కుండ దించమన్నాడు, సగం అన్నం క్యారీబ్యాగులోకి తీసేద్దామన్నాడు. అమ్మవారి నోటికాడి కూడు తీస్తావా అని అడిగాను. క్యారీబ్యాగు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పళ్లు బిగబట్టి నిలబడ్డాను. పూజారి బోనంలోంచి కొంచెం అన్నం తీసి అమ్మవారి ముందు విస్తట్లో పెట్టాడు. దండం పెట్టుకునేలోపే వెనకవాళ్లు తోశారు. కుండ మళ్లీ నెత్తికెత్తుకుని ఇంటిదారి పట్టాను.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ గడప దగ్గరే కూర్చుని ఉంది, పక్కన కడిగిన పళ్లెం. తాను బోనం ఎత్తకపోయినా పొద్దున్నుంచీ ఒక్కపొద్దు ఉందని అప్పుడే తెలిసింది. పొయ్యి మీద వేరే గిన్నె లేదు. చిన్న కుండ చాలన్న మనిషి ఈ బోనం కోసమే ఆకలితో కూర్చుంది. నాకు కోపమూ జాలీ ఒకేసారి వచ్చాయి.

కుండ దించగానే అత్తమ్మ దీపం పక్కకు పెట్టి లోపలికి చూసింది. నా మెడ ఎట్లుందని అడగలేదు. నేను వడ్డించింది వడ్డించినట్టే తిని, పళ్లెం మళ్లీ నా ముందుకు జరిపింది.

"ఇంకింత పెట్టు," అంది.