పిల్లలు రామన్న సింగపూరు

మొన్న ఆదివారం మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, మేం థాయిలాండ్ వెళ్దామనుకుంటున్నాం. చంటిదాన్ని తీసుకెళ్ళమంటావా, నీ దగ్గర వదిలెయ్యమంటావా?" అని అడిగింది. అడిగిన తీరు చూస్తే సలహా కోసం అడిగినట్టు లేదు. అల్లుడితో ఒక దఫా, వాళ్ళత్తగారితో ఒక దఫా వాదన అయిపోయి, మూడో దఫాకి నన్ను పిలిచినట్టుంది. నాకు నవ్వాగలేదు. ఫోన్లోనే పకపకా నవ్వేశాను. "నేను సీరియస్‌గా అడుగుతుంటే ఏంటమ్మా ఆ నవ్వు" అని అది విసురుగా పెట్టేసింది. పెట్టేస్తే పెట్టేసింది గానీ, నన్ను మాత్రం ఇరవై ఏళ్ళు వెనక్కి, అరకులో మా సిమెంటు కొట్టు వెనకింట్లోకి తోసేసింది.

అప్పట్లో మాది సిమెంటు, ఇనుము, పైకప్పు రేకుల వ్యాపారం. ముందు కొట్టు, వెనక ఇల్లు. నేను విజయనగరం దగ్గర పల్లెలో పుట్టినదాన్ని. పెళ్ళయి పదహార్రోజుల పండగ కాగానే మా ఆయన నన్నూ నా పెట్టెనీ కిరండోల్ పాసింజరెక్కించి కొండ మీదికి తెచ్చేశారు. సొరంగం వచ్చినప్పుడల్లా రైలుపెట్టంతా చీకటైపోయి కుర్రకారు కేకలు పెడుతుంటే, నేను ఆయన చొక్కా గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. మా హనీమూన్ అదేనని ఆయన ఖాయం చేసేశారు. సరదాగా ఎటైనా వెళ్దామండీ అని నోరు తెరిస్తే చాలు, "దేశంలో జనమంతా హనీమూన్‌కని పడుతూ లేస్తూ అరకు వస్తుంటే, అరకులో కాపురముంటున్నదానివి, నీకింకా ఎక్కడికే?" అనేవారు. నిజమే మరి. వలిసె పూసే రోజుల్లో కొండవాలు చేలన్నీ పచ్చగా పసుపు ఆరబోసినట్టుంటే, కొత్త జంటలు రైలు దిగి బిలబిలమంటూ వచ్చేవారు. మా పెరటి గోడ దాటితే వలిసె చేనే. "ఆంటీ, ఒక్క ఫొటో తియ్యరూ" అని కెమెరా నా చేతికిచ్చేవారు. నాకప్పటికి ముప్పై కూడా నిండలేదు, ఆంటీ అన్నందుకు ఒళ్ళు మండేది. అయినా తీసేదాన్ని. ఎంతమంది కొత్త పెళ్ళికూతుళ్ళని ఆ చేలో నిలబెట్టి, కొంగు సర్దుకోమని చెప్పి, నవ్వించి మరీ తీశానో! చేతికి బియ్యప్పిండో, సిమెంటు దుమ్మో అంటుకునే ఉండేది. నా వేలిముద్రలు వాళ్ళ కెమెరాల మీద ఎన్నెన్ని ఊళ్ళు తిరిగాయో.

అలాంటిది, పిల్ల ఐదో తరగతి, పిల్లాడు రెండో తరగతి చదువుతున్న ఏడు, సిమెంటు కంపెనీవాళ్ళు డీలర్లందరికీ ఒక టార్గెట్టు పెట్టారు. ఆ ఏడు కొండల్లో ఎక్కడ చూసినా బడులూ ఇళ్ళూ కట్టుబడి మొదలై, మా బస్తాలు కొట్లో నిలవ లేకుండా వెళ్ళిపోయాయి. శివరాత్రి మర్నాడే కబురొచ్చింది. దంపతులిద్దరికీ వారం రోజులు సింగపూరు, ఖర్చంతా కంపెనీదే. పిల్లల్ని తెచ్చుకుంటే తెచ్చుకోవచ్చు, వాళ్ళ ఖర్చు మాత్రం మనం పెట్టుకోవాలి. మా ఆయన కాళ్ళు కూడా కడుక్కోకుండా వచ్చి వంటింటి గడప మీద కూర్చుని, "ఇదిగో, సింగపూరే నీకు!" అన్నారు. నేను చేటలో రాజ్మా గింజలు ఏరుతున్నాను. ఒక్క ఉదుటున లేచేసరికి గింజలన్నీ వంటిల్లంతా దొర్లిపోయాయి. ఇద్దరం నేల మీద కూర్చుని ఏరుకుంటూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం. ఏరుతూ ఏరుతూ ఆయన, "మరి పిల్లల్నేం చేద్దాం?" అన్నారు.

ఇంక చూడండి, ఆ ఒక్క ప్రశ్నతో మా ఇంట్లో నెల్లాళ్ళు పంచాయితీ. మా అత్తగారు మొదటి రోజు, "ఓలమ్మో, గుంటల్ని నా నెత్తిన ఎట్టీసి ఎల్లిపోతారేటి? ఆళ్ళెనకాల నాను పరిగెట్టగల్నా?" అన్నారు. సరే, తీసుకెళ్తాం అంటే, రెండో రోజుకి, "పసిగుంటల్ని సముద్రం మీద ఇమానం ఎక్కిస్తారా? మీకు బుర్రుందా?" అన్నారు. పోనీ మేమూ మానేస్తాం అంటే, "మానేస్తే ఊళ్ళో నానేటి సెప్పుకోను? అందరికీ సెప్పీసినాను కదా!" అని గోల. ఆవిడ అభిప్రాయం పొద్దుటికీ సాయంత్రానికీ మారేది, కానీ ఏ పూట ఏది చెప్పినా అంతే గట్టిగా చెప్పేవారు. మా ఆయనేమో అన్నిటికీ "చూద్దాంలే" అని కొట్లోకి పారిపోయేవారు. గొంతు పెరిగినప్పుడల్లా ఆయనకి రేకులు లెక్కపెట్టే పని గుర్తొచ్చేది.

నా మనసులో మాట ఎవరికీ తెలీదు. ఇప్పుడు చెప్పుకోడానికి భయమేమిటి? నాకు పిల్లల్ని తీసుకెళ్ళాలని లేదు. ఒక్క పిసరు కూడా లేదు. పిల్లలంటే నాకు ప్రాణం, వాళ్ళు తుమ్మితే నాకు జ్వరం వచ్చేది. అది వేరు. ఆయనా నేనూ ఇద్దరమే ఒకచోట కూర్చోవాలి. మధ్యలో ఎవరూ "అమ్మా, వీడు నన్ను కొట్టాడు" అనకూడదు, ముందు కొట్లోంచి "బాబూ, మేకులున్నాయా" అని కేకెయ్యకూడదు. ఒక కాఫీ మొదట్నుంచి చివరిదాకా వేడి మీదే తాగాలి. నా కోరికంతా అంతే. ఇంత చిన్న కోరిక పైకి చెప్పడానికి నాకు ఎంత సిగ్గో! తల్లినై ఉండి పిల్లల్ని వదిలి షికారు పోతానని ఎలా అనను? అందుకని, "వాళ్ళకి చదువు పాడవుతుందేమో", "అక్కడి నీళ్ళు పడవేమో" అని చుట్టూ తిప్పి చెప్పేదాన్ని. ఎండాకాలం సెలవుల్లో చదువేమిటని ఎవరూ అడక్కపోవడం నా అదృష్టం.

చివరికి నన్ను లొంగదీసింది అనకాపల్లిలో ఉండే మా పెద్దాడపడుచు. ఫోన్ చేసి, "సూడమ్మాయ్, మీరు ఎల్లొద్దని నాననను. కానీ ఆడ నువ్వో ఐస్‌క్రీం తిన్నావనుకో, గుంటలు గుర్తొచ్చి అది నీ గొంతు దిగతాదా?" అంది. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. రెండు రోజులు అన్నం సయించలేదు. అవునే, పాపిష్టిదాన్ని, నా కాఫీ కోసం పిల్లల సింగపూరు లాగేసుకుంటున్నానే అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఉగాది ముందు రోజు భోజనాల దగ్గర, గొప్ప త్యాగం చేసినదానిలా గొంతు సవరించుకుని, "ఇంక ఈ చర్చ వద్దు. పిల్లల్ని కూడా తీసుకెళ్దాం" అని ప్రకటించాను. మా ఆయన "హమ్మయ్య" అన్నారు. నేను పిల్లలవైపు తిరిగాను. గెంతుతారు, మెడకి చుట్టుకుంటారు అనుకున్నాను.

పిల్లలిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. "ఎప్పుడమ్మా?" అంది పిల్ల. ఫలానా వారంలో అని చెప్పాను. పిల్లాడి కింది పెదవి వంకర తిరిగింది. "మేం రాం!" అని కంచం ముందే బావురుమన్నాడు. ఏమిట్రా అంటే ఏడుపు మధ్యలో ఒకటే మాట, "ఇటుకల పండగ!"

అప్పటికి గానీ మాకు బుర్ర వెలగలేదు. చైత్రంలో ఆ కొండల్లో ఊరూరా గిరిజనుల ఇటుకల పండగ, అంటే వేట పండగ. విత్తనాలకి పూజ చేసి, మగాళ్ళు విల్లంబులు పట్టుకుని వేటకని అడవికి పోతారు. ఉత్త చేతుల్తో తిరిగొస్తే ఆడాళ్ళు పేడనీళ్ళు చల్లి ఏడిపిస్తారు. మగాళ్ళు లేని ఆ రోజుల్లో రోడ్డు ఆడాళ్ళదీ పిల్లలదీ. అడ్డంగా వెదురు గడ పెట్టి, వచ్చేపోయే బండి ప్రతిదాన్నీ ఆపి, పాటలు పాడి, పండగ చందా పుచ్చుకుని గానీ వదలరు. ఎంత పెద్ద ఆఫీసరు జీపైనా ఆగాల్సిందే. మా ఇంటి వెనక గూడెంలో, మాకు కూరలు తెచ్చే పెద్దమ్మ ఇంట్లోనే మా పిల్లలు సగం పెరిగారు. కిందటేడు సరిగ్గా పండగకి ఇద్దరికీ అమ్మవారు పోసి, వేపమండల మధ్య పడుకుని డప్పులు వింటూ ఏడ్చారు. ఈ ఏడు పిల్లకి గడ పట్టుకునే పని ఇస్తామని పెద్దమ్మ మాటిచ్చింది. పిల్లాడికి పెద్దమ్మ మొగుడు ఒక బుల్లి విల్లు కట్టిచ్చాడు. వాడు దాన్ని పక్కలో పెట్టుకుని పడుకుంటున్నాడు. ఇవన్నీ మా కళ్ళ ముందే జరుగుతున్నాయి. నెల్లాళ్ళుగా అందర్నీ సలహా అడిగాం గానీ, మీరొస్తారా అని వాళ్ళని అడగాలని ఒక్కరికీ తోచలేదు.

కోరుకున్నది ఒళ్ళో వచ్చి పడింది కదా, ఎగిరి గంతెయ్యాలా లేదా? నాకు ఒళ్ళు మండిపోయింది. నేను వీళ్ళని వదిలి వెళ్ళాలా వద్దా అని కుళ్ళి కుళ్ళి ఏడుస్తుంటే, వీళ్ళు నన్ను చిటికెలో వదిలేస్తారా! ఆ రోజు నుంచి నేనే వాళ్ళని బతిమాలడం మొదలుపెట్టాను. అక్కడ పక్షుల పార్కుందన్నాను. "మన ఇంటెనకాల లేవా?" అంది పిల్ల. డ్రైవరు లేని రైలుందన్నాను. "అందులో సొరంగాలెన్ని?" అన్నాడు పిల్లాడు. మన రైలుకున్నన్ని ఉండవని ఒప్పుకోవాల్సొచ్చింది. చాక్లెట్లన్నాను, బొమ్మ కార్లన్నాను. "వచ్చేటప్పుడు తెచ్చెయ్యండి" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

ఒక సాయంత్రం, కాఫీ తోటలన్నీ పూసి గాలి గాలంతా తియ్యగా ఉన్న వేళ, అత్తగారు నన్ను వీధరుగు మీద కూర్చోబెట్టి తల దువ్వుతూ, "ఏటే, ఇంకా ఆళ్ళని పీడిత్తన్నావు? నీకు ఆడితో ఒక్కదానివే ఎల్లాలనుందని నీ మొకం సూత్తే తెలీదేటి నాకు?" అన్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. "మీ మావతో నాను ఒకే ఒక పాలి సింహాసలం ఎల్నాను. ఎడ్లబండి నిండా సుట్టాలు. దారంతా ఆయన ముందర, నాను ఎనక. మాటాడ్డానికి కుదిరితేనా! ఎల్లండమ్మా, బేగి ఎల్లి రండి. గుంటల్ని నాను సూసుకుంతాను" అన్నారు. ఆవిడ నెలంతా తిప్పితిప్పి చెప్పిన అభిప్రాయాల్లో చివరిదిదే. దీన్ని మాత్రం మళ్ళీ మార్చలేదు.

బయల్దేరిన పొద్దున పిల్లలిద్దరూ ఇంట్లో లేరు. తెల్లారకుండానే లేచి పోయారట. పాపం, వెళ్ళొస్తామంటే ఏడుపొస్తుందని తప్పించుకున్నారు కాబోలని నాకు గుండె చెరువైపోయింది. జీపెక్కి కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాను. ఊరు దాటి మలుపు తిరిగామో లేదో, రోడ్డుకడ్డంగా గడ, గడ వెనకాల ఆడాళ్ళ గుంపు, గుంపు ముందర నా కూతురు! చెవిలో ఎర్రపువ్వు, మొహం నిండా పసుపు. పక్కన వాడు విల్లు ఎక్కుపెట్టి జీపు టైరుకి గురి చూస్తున్నాడు. ఏడుపు లేదు, పాడు లేదు. "పండగ చందా ఇచ్చి కదలండి" అంది అది, వాళ్ళ నాన్నతో, ముక్కూమొహం తెలీనివాళ్ళతో అన్నట్టు. "ఒసే, నేను మీ నాన్ననే!" అన్నారు ఆయన. "ఎవరైనా ఇవ్వాలి" అంది. ఆయన జేబులోంచి తీసిచ్చారు. అయినా గడ లేవలేదు. పెద్దమ్మ జీపు దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు దిగు. పెద్ద ఊరెల్తన్నావు కదా, ఆడకుండా ఎలాగ ఎల్తావు?" అంది.

కొత్త చీర, కొత్త చెప్పులు. అన్నీ పోతే పోయాయి. వాళ్ళ థింసా ఆట వరసలోకి లాగేశారు నన్ను. వీపుల వెనకాల చేతులు పెనవేసుకుని, డప్పుకి తగ్గట్టు మోకాళ్ళు వంచుతూ, ముందుకో అడుగు, వెనక్కో అడుగు. నాకు ఒక్కటీ కుదరలేదు. ఒక పక్క పెద్దమ్మ, ఒక పక్క నా కూతురు. "అలా కాదమ్మా, కాలు చూసుకోకు, పాట విను" అని అది నాకు నేర్పుతోంది. పిల్లాడు మా ఆయన్ని కూడా లాక్కొచ్చాడు. సిమెంటు బస్తాల మధ్య తప్ప ఎక్కడా అడుగు కదపని మనిషి, చెప్పులు చేత్తో పట్టుకుని ఆడారు! పొట్ట పట్టుకుని నవ్వాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషిని చూసి అంత ముచ్చటపడ్డది ఆ రోజే. అప్పుడు గడ లేచింది. జీపు కదిలాక, చెయ్యూపుతారేమోనని నేను వెనక్కి తిరిగి చూశాను. ఎక్కడ! వెనకాల టూరిస్టు బస్సొకటి వస్తోంది. ఇద్దరూ మాకు వీపు తిప్పి గడ దించే హడావుడిలో ఉన్నారు.

సింగపూరు చాలా బాగుంది. ఇంటికి ఫోన్ చేస్తే అత్తగారు, "ఆళ్ళు ఇంట్లో ఉంటే కదా నీతో మాటాడ్డానికి!" అన్నారు. ఒక సాయంత్రం ఏటి ఒడ్డున ఆయనా నేనూ కూర్చుని కాఫీ తాగాం. వేడి వేడిగా, చివరిదాకా. గంటసేపు నాకు పిల్లలు గుర్తే రాలేదు. ఆ సంగతి తట్టి ఉలిక్కిపడి, ఆయనతో చెప్పాను. "నాకూ అంతే" అన్నారు ఆయన. ఇద్దరం ఒకర్నొకరు చూసుకుని ఇంకో కాఫీ చెప్పాం.

ఆ తర్వాత కంపెనీవాళ్ళు ఇంకా రెండు మూడు దేశాలు తిప్పారు. ప్రతిసారీ నేను పిల్లల్ని ముందే అడిగాను. ఒకసారి కోచింగన్నారు, ఒకసారి పరీక్షలన్నారు, ఒకసారి స్నేహితులతో గోవా అన్నారు. నలుగురం కలిసి విమానం ఎక్కిందే లేదు. దాని గురించి నాకు బెంగేం లేదు, ఆ రోజు జీపులోంచి వెనక్కి తిరిగి చూసిన క్షణంలోనే నాకు సంగతి కొంత తెలిసింది. పిల్లల్ని తీసుకెళ్ళాలా వద్దా అని మేం పెద్దవాళ్ళం నెల్లాళ్ళు కూర్చుని ఆలోచిస్తూనే ఉన్నాం, ఈలోగా వాళ్ళు తమ దారిన బయల్దేరనే బయల్దేరారు.