మువ్వ దగ్గర ఆగిన వంతు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో చింతపండు అమ్ముకోవాలంటే ముందు ఎలుగుబంటికి భయపడాలి. జూలూరుపాడు సంతకు మా ఊరి నుంచి అడవిలో కాలిబాట తప్ప మరో దారి లేదు. ఆ బాటలో వారానికి ముగ్గురు ఆడవాళ్ళే వెళ్ళాలని, నలుగురు వెళితే ఆ సందడికి ఎలుగు లేచి మీదికొస్తుందని మా నాయనమ్మ చెప్పేది. మరి ఇద్దరు వెళితే? అదీ కుదరదు, ఇద్దరంటే దానికి లక్ష్యమే ఉండదట. మనుషులను ఇంత కచ్చితంగా లెక్కపెట్టే ఎలుగుబంటి ఇంకే అడవిలోనూ ఉండి ఉండదు. అయినా ఊరంతా నమ్మేది. నేనూ నమ్మేదాన్ని.

మా వసారా గుంజకు ఒక తాడు వేలాడుతూ ఉండేది. దానికి ఇంటికొక ముడి, ముడికొక గుర్తు. ఒకరిది గవ్వ, ఒకరిది చిల్లు పొడిచిన చింతగింజ, ఇంకొకరిది విరిగిన తాళంచెవి. మాది మా నాన్న పాత చొక్కా గుండీ. పక్కింటి అక్కది చిన్న ఇత్తడి మువ్వ. నాయనమ్మ ఎర్రగుడ్డ పేలికను ఒక ముడికి కట్టేది. ఆ ముడి వాళ్ళు, తర్వాతి రెండు ముళ్ళ వాళ్ళు ఆ వారం సంతకు పోవాలి. సంత ముగిశాక పేలికను విప్పి మూడు ముళ్ళు అవతల కట్టేది. మిగతా వాళ్ళ చింతపండు అటకల మీద గంపల్లో నల్లబడుతూ తమ వంతు కోసం ఎదురుచూసేది. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. అటక మీద ఎంత ఉందో బయట చెప్పకూడదు, చెబితే పండుకు పురుగు పడుతుంది.

ఆ ఎండాకాలం మా పాస్టరయ్య నాకు కొత్తగూడెం హాస్టల్లో సీటు మాట్లాడి వచ్చారు. ఒక రేకు పెట్టె, దుప్పటి, కంచం, గ్లాసు ఉంటే చాలు, తక్కినదంతా వాళ్ళే చూసుకుంటారు. అవి లేకుండా మాత్రం చేర్చుకోరు. మా నాన్న అడవిలో కలప నరికే కూపుల్లో పనికి పోయి నెలకోసారి వచ్చేవాడు. కాబట్టి పెట్టె రావాలంటే చింతపండే దిక్కు. నేను తాడు ముందు నిలబడి ముళ్ళు లెక్కపెట్టాను. హాస్టల్ తెరిచేది మూడో సంత మర్నాడు. మా గుండీకి పేలిక వచ్చేది నాలుగో సంతకు. ఒక్క వారం తేడాతో నా చదువు పోతోందని అర్థమై, మేకల పాక వెనక కూర్చుని ఏడ్చాను. ఎవరినైనా వంతు మార్చుకోమని అడుగు అత్తా అని అమ్మ అంటే నాయనమ్మ వినలేదు. ఈ ఏడు మనం అడిగితే వచ్చే ఏడు ఊరంతా అడుగుతుందని ఆమె భయం.

నేను ఎవరికీ చెప్పలేదు. మొదటి సంత రోజు తెల్లారి ముగ్గురూ బయలుదేరాక, అటక ఎక్కి చిన్న గంపకు చింతపండు నింపుకుని, వాళ్ళకు కనపడనంత దూరంలో వెనకాలే నడిచాను. ఎలుగు వస్తే ముందు వాళ్ళనే పట్టుకుంటుందిలే అని ధైర్యం చెప్పుకున్నాను. పదేళ్ళ పిల్లకు అంతకంటే గొప్ప మనసు ఎక్కడినుంచి వస్తుంది?

ఆ ముగ్గురిలో పక్కింటి అక్క ఒకతె. ముందటేడు వానలు ఎగ్గొడితే, దాచుకున్న విత్తనం కూడా వండుకుని తినేసిన ఇల్లది. మృగశిర లోపల జొన్న విత్తనం తెచ్చుకోకపోతే ఆమె చెలక బీడే. ఆ సంగతి నాకూ తెలుసు.

సంతలో చింతపండు షావుకారు నన్నే ముందు చూశాడు. దగ్గరికి పిలిచి గుప్పెడు పుట్నాలు, బెల్లం ముక్క చేతిలో పెట్టాడు. "ఏందమ్మా, ఇంత చిన్నదానివి అడవిల పడి వచ్చినవా? ఇంట్ల ఇంకేమన్న మిగిలిందా, ఇదేనా?" అన్నాడు. ఎంత ప్రేమగా అడిగాడో చెప్పలేను. నోట్లో బెల్లం కరుగుతుంటే పురుగు సంగతి మరిచిపోయాను. ఇంకా చాలా ఉందని, మా అటకే కాదు, ఊళ్ళో అన్ని అటకలూ నిండి ఉన్నాయని, ఎవరింట్లో ఎన్ని గంపలో వేళ్ళ మీద చెప్పాను. నా తెలివికి మెచ్చుకుని ఆయన ఇంకో బెల్లం ముక్క ఇచ్చాడు.

తర్వాత ఆ ముగ్గురూ ఆయన ముందు గంపలు దించారు. ఎప్పుడూ లేచి ఎదురొచ్చే మనిషి ఆ రోజు కూర్చున్న చోటు నుంచి కదలలేదు. "మీ ఊళ్ళె అటకలు విరిగేటట్టున్నయట గదా, నాకేం తొందర" అని, మామూలు ధరలో సగం చెప్పాడు. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, తర్వాత పక్కన బెల్లం చప్పరిస్తున్న నన్ను చూశారు. ఇద్దరు గంపలు మళ్ళీ నెత్తికెత్తుకున్నారు. అక్కకు ఆ వీలు లేదు. విత్తనాల బండి ఆ రోజే వచ్చింది, మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఆమె సగం ధరకే ఇచ్చేసి, సగం విత్తనం కొంగున కట్టుకుంది. ఆ ధరకు నా చిన్న గంపకు వచ్చింది గ్లాసుకైనా చాలలేదు. తిరిగి వచ్చేటప్పుడు బాట పొడుగునా అక్క నా చేయి పట్టుకునే నడిచింది. ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నాయనమ్మ కూడా కొట్టలేదు. మర్నాడు నన్ను చింతపండు గింజ తీయడానికి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఈ వారం ఎవరూ సంతకు పోవద్దని, ఎలుగు పిల్లల్ని వేసుకుని బాట మీదే తిరుగుతోందని ఊళ్ళో చెప్పి వచ్చింది. నేను బిక్కచచ్చిపోయి, నిజంగా తిరుగుతోందా అని అడిగాను. ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించి, ఎలుగూ లేదు, పురుగూ లేదు అని చెప్పింది.

"మన అటక మీద ఎంత ఉన్నదో తెల్వనంత సేపే ఆ షావుకారు లేచి మనకు ఎదురొస్తడు బిడ్డా. తెలిసిన్నాడు మనమే వాని ముందల నిలబడాలె. అందరం ఒక్కసారి పోయినా, అటకల లెక్క బయటపడ్డా ఒక్కటే, నిన్న నువ్వే జూసినవ్ గదా."

మరి ఈ మాటే అందరికీ చెప్పవచ్చు కదా అన్నాను. నాయనమ్మ నవ్వింది. కారణం చెబితే తలా ఒక తెలివి చూపిస్తారని, ఎలుగుబంటి అంటే నోరు మూసుకుంటారని చెప్పింది. ఆమెకు ఆ మాట వాళ్ళ అత్త చెప్పిందట. ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. చెడగొట్టినదానివి నువ్వు కాబట్టి నీకు చెబుతున్నాను, అవసరం వచ్చినప్పుడు నోరు తెరువు, అప్పటిదాకా మూసుకో అంది.

రెండో సంతకు మా ఊరి నుంచి ఎవరూ పోలేదు. మూడో సంతకు నష్టపోయిన ముగ్గురినే మళ్ళీ పంపింది నాయనమ్మ. ఒక వారం మా సరుకు అందకపోయేసరికి షావుకారు సంత మొదట్లోనే ఎదురొచ్చి గంపలు తన చేతులతో దించుకున్నాడట. మంచి ధర వచ్చింది. అక్క తన అటక మీద మిగిలినదంతా పట్టుకుపోయింది, తక్కిన సగం విత్తనం కోసం. పొద్దు వాలకముందే తిరిగి వచ్చింది. నెత్తి మీద నీలం రంగు రేకు పెట్టె. అందులో దుప్పటి, కంచం, గ్లాసు.

నాయనమ్మకు కోపం వచ్చింది. నీ గింజలేవే, నీకేమన్నా మతి పోయిందా అని అరిచింది. అక్క పెట్టె నా ముందు దించి, చెమట తుడుచుకుంటూ, "వాన మళ్ళా ఏడు గూడ వస్తది పెద్దమ్మా. ఈ పిల్లకు హాస్టల్ మళ్ళా వస్తదా?" అంది. ఆ తర్వాత మా వంతు వచ్చినప్పుడు మా గంప అక్కకే ఇచ్చాం. కానీ అప్పటికి విత్తే అదను దాటిపోయింది. దసరా సెలవులకు ఇంటికి వస్తే అక్క చెలకలో సగం పచ్చగా, సగం ఎర్రమట్టిగా ఉంది. నేను ఆ ఎర్రమట్టి పక్క నుంచి నడిచి ఇంట్లోకి పోవాలి. ఆ చలికాలం వాళ్ళింట్లో ఒక పూటే పొయ్యి వెలిగిందని అమ్మ చెప్పింది.

నేను చదువుకున్నాను. టీచర్నయ్యాను, దమ్మపేట వైపు ఒక బడిలో ఉద్యోగం వచ్చింది. నాయనమ్మ పోయాక తాడు అక్క వసారాలోకి మారింది. అక్క ఎలుగుబంటిని మనసారా నమ్మింది. ఒక్క వారం తప్పకుండా పేలిక జరిపేది.

ఆ రోజుల్లోనే ఊరికి రోడ్డు వచ్చింది. ఎన్నేళ్ళు తిరిగామో దాని కోసం. అర్జీ రాసింది నేనే, మొదటి సంతకం నాదే. రోడ్డు రోలరుకు పూలదండ వేసి కొబ్బరికాయలు కొట్టారు, పాస్టరయ్య ప్రార్థన చేశారు. రోడ్డు వద్దనేదాన్ని కాదు, ఇప్పుడూ అనను. కాన్పు కష్టమైన ఆడవాళ్ళను మంచం మీద మోసుకుపోయిన ఊరు మాది. ఆ ఎండాకాలమే రోడ్డు మీద మొదటి లారీ వచ్చింది. ఊరి మధ్య కాటా పెట్టి, ఎంత ఉంటే అంతా ఇక్కడే కొంటాం, గంప మోసే పని లేదన్నారు. జనం పరుగులు పెట్టి అటకలు ఖాళీ చేస్తున్నారు. నేను సెలవులకు వచ్చి మా వసారాలో కూర్చుని ఉన్నాను.

అక్క తాడు పట్టుకుని వచ్చింది. "చెల్లె, నువ్వు సదువుకున్నదానివి. ఈ వారం పేలిక నా మువ్వకే వచ్చింది. మేం ముగ్గురమే అమ్మాల్నా, అందరం ఒక్కసారే పొయ్యాల్నా?"

చుట్టూ నలుగురు నిలబడి వింటున్నారు. నాకు తెలుసు. ఆ ఊరు మొత్తం మీద ఒక్క నాకే తెలుసు. కానీ నా ఒంటి మీద కొత్త చీర, నా చేతికి గడియారం, ఎదురుగా గుర్తుల తాడు పట్టుకుని నా నోటివైపు చూస్తున్న అక్క. నాకు సిగ్గేసింది, అదే నిజం. లోకం మారింది, లారీలు వచ్చాయి, ఇంకా ఈ మోటు పద్ధతులేమిటి అనుకున్నాను. "రోడ్డు మీదికి ఎలుగుబంటి యాడొస్తది అక్కా, ఇగ ఈ తాడెందుకు?" అన్నాను. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. తాడు నా ఒళ్ళో పెట్టి, గంప దించడానికి ఇంటికి పోయింది.

ఆ ఏడు ధర బాగానే వచ్చింది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. తర్వాతి ఏడు లారీ మనిషి కాటా దగ్గరికి కూడా రాకుండా క్యాబిన్లో కూర్చునే ధర చెప్పాడు. రోడ్డు పొడుగునా ఊళ్ళన్నీ చింతపండు కుప్పలు పోసుకుని ఉన్నాయి, ఆయనకేం తొందర. నాలుగైదేళ్ళకు చెట్లు దండగన్నారు. ఇటుక బట్టీలకు చింత మొద్దులు పోయాయి. అక్క చెట్లు కూడా ఆ లారీల్లోనే పోయాయి. వాటి చోట ఊరంతా ఒకేసారి జామాయిల్ పెట్టింది, ఒకేసారి నరికింది, ఒకే కాటా ముందు నిలబడింది. జామాయిల్ పోయి పామాయిల్ వచ్చింది. ప్రతిసారీ ఊళ్ళో అదే సంబరం. అక్క ముసలితనంలో ట్రాలీ ఆటో ఎక్కి ఖమ్మం వైపు మిరపకాయ కోతకు పోయేది. కారానికి మండుతున్న చేతులను మజ్జిగలో పెట్టుకుని కూర్చున్నప్పుడు ఒకసారి చూశాను. అసలు సంగతి చెబుదామనే వెళ్ళాను. నోరు రాలేదు. రెండేళ్ళ కింద అక్క పోయింది, ఎలుగుబంటిని నమ్ముతూనే.

పోయిన నెల మా ఊరి బడిలో మీటింగ్ పెట్టారు. మీ ఊరి అభివృద్ధి ప్రణాళిక మీరే రాసుకోవాలి, పైనుంచి మేం చెప్పేదేమీ లేదని వచ్చిన ఆఫీసరమ్మాయి చెప్పింది. మంచి పిల్ల, ఓపికగా వింది. నేను లేచి తాడు సంగతి మొత్తం చెప్పాను. ఎలుగు అబద్ధమన్నాను. ఎవరు ఎప్పుడు అమ్మాలో, ఎవరు ఆగాలో ఊరు కూర్చుని అనుకోవడమే ప్రణాళిక అని, తక్కినవన్నీ తర్వాత అని చెప్పాను. ఆ అమ్మాయి తల ఊపుతూ రాసుకుంది. తొంగిచూస్తే కాగితం మీద 'గోడౌన్ - ఒకటి' అని ఉంది.

అప్పుడు అక్క మనవడు లేచాడు. అమ్మమ్మ చెలక మొత్తం పామాయిల్ పెట్టినవాడు. వెక్కిరించలేదు, మర్యాదగానే అడిగాడు. "టీచరమ్మా, చింతపండు అటక మీద ఏడాది గూడ ఆగుతది. పామాయిల్ గెల కోసినంక రెండు దినాలు ఆగదు. ఫ్యాక్టరీ ఒక్కటే ఉన్నది. మేం వంతు పెట్టుకుని ఎవరికోసం ఆగాలె?"

వాడన్నది నిజం. ఆగడానికి వీల్లేని పంటను ఏరి కోరి పెట్టుకున్నాక ఇక తాడు ఎందుకు పనికొస్తుంది? నోరు తెరవాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయింది. నేను కూర్చున్నాను. మీటింగ్ అయ్యాక అందరికీ టీ, బిస్కెట్లు ఇచ్చారు.

నీలం పెట్టె ఇప్పటికీ నా మంచం కిందే ఉంది. రంగు చాలావరకు పోయింది, మూత సరిగా పడదు. తాడు అందులోనే పెట్టాను. ఇంటికి వచ్చి తీసి చూశాను. గవ్వ ఉంది, గుండీ ఉంది, తాళంచెవి తుప్పు పట్టింది. ఎర్ర పేలిక వెలిసి మట్టి రంగుకు వచ్చింది. ముడి మాత్రం వదులు కాలేదు, అక్క ఆ రోజు కట్టినట్టే మువ్వకు ఉంది. నన్ను బడికి పంపిన మనిషి వంతును నా నోటితో నేనే ఆపేశాను. పెట్టె లాగిన ప్రతిసారీ లోపల ఆ మువ్వ కాస్త మోగుతుంది. ఈ వారం వంతు ఇంకా అక్కదే.